పడవ కొనాలా, ముందు జరిగింది చెప్పాలా?

డాలస్ శివార్లలో ఉంటున్న ఒక పాఠకుడి ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. వయసు 38, ఐటీ ఉద్యోగం, పుట్టి పెరిగింది కోనసీమలో కాలవ గట్టు మీది ఊళ్లో. చిన్నప్పుడు వెదురు కర్రకు గాలం కట్టి, బెండు వేసి, ఎర్రలు గుచ్చి చేపలు పట్టినవారు. ఈత ఆ కాలవలోనే వచ్చింది, కానీ ఈది ఇరవై ఏళ్లయింది. కిందటి ఏప్రిల్‌లో ఆఫీసు మిత్రుడు తన రెండో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) ఇచ్చి లేక్ లూయిస్‌విల్‌కు తీసుకెళ్లారు. గంటన్నరలో మూడు చేపలు పడ్డాయి. నాలుగోది పెద్ద క్యాట్‌ఫిష్. దాన్ని పైకి తీయబోతుండగా దగ్గర్లో ఒక స్పీడ్‌బోటు వెళ్లింది, అల వచ్చింది, పడవ బోల్తా పడింది. లైఫ్ జాకెట్ సీటు వెనక ఉంది. మిత్రుడిచ్చిన రాడ్డు, తన ఫోను నీళ్లపాలయ్యాయి. పడవ పట్టుకుని వేలాడారు గానీ మళ్లీ ఎక్కలేకపోయారు. మిత్రుడే ఒడ్డుకు లాక్కెళ్లారు.

ఇంట్లో మాత్రం ఫోను ఒడ్డున చెయ్యి జారి పడిందని చెప్పారు. కారణం ఉంది. ఆయన భార్య పిన్నిగారబ్బాయి పందొమ్మిదేళ్ల వయసులో సాగర్ ఎడమ కాలవలో కొట్టుకుపోయాడు. ఆవిడకు నీళ్లంటే ఇప్పటికీ వణుకు. ఇప్పుడు ఆ మిత్రుడి ద్వారానే ఒక పాత పెడల్ కయాక్ 1,400 డాలర్లకు బేరం కుదిరింది. 150 డాలర్లు అడ్వాన్సు ఇచ్చేశారు, మిగతాది నెలాఖరులోపు కట్టాలి. ఉండేది రెండో అంతస్తు అపార్ట్‌మెంట్, నడిపేది చిన్న సెడాన్ కారు. తొమ్మిదేళ్ల కొడుకు "నన్నూ తీసుకెళ్లు నాన్నా" అంటున్నాడు. ఆయన అడిగినవి నాలుగు: ఆ పడవ కొనాలా వద్దా, మొదలుపెట్టడానికి అసలు ఏమేం కావాలి, బాబును తీసుకెళ్లొచ్చా, భార్యను ఎలా ఒప్పించాలి. చివర్లో ఇలా రాశారు: "నీళ్ల మీద కూర్చున్న ఆ గంటన్నర మా ఊళ్లో ఉన్నట్టే అనిపించింది."

మీ చివరి మాట చదివాక, ఇది మానెయ్యండి అనే ఉద్దేశం నాకు లేదు. కానీ మీరు అడగని ఐదో ప్రశ్న ఒకటుంది: ఆ రోజు పడవ ఎందుకు తిరగబడింది? "టైము బాగాలేదు" అని రాసి వదిలేశారు. అది తేలకుండా మీ నాలుగు ప్రశ్నల్లో ఒక్కదానికీ సరైన జవాబు దొరకదు, ఇంట్లో చెప్పడానికి కూడా మీ దగ్గర ఏమీ ఉండదు. అందుకని అక్కడి నుంచే మొదలుపెడదాం.

లంగరు తాడును సీటు పక్కనున్న హ్యాండిల్‌కు కట్టానని మీరే రాశారు. మొదటి తప్పు అదే. అల వచ్చినప్పుడు పడవ దానితోపాటు లేవాలి. మీ పడవలో ఒక పక్కను తాడు కిందికి పట్టి ఉంచింది, రెండో పక్క లేచింది. సరిగ్గా అప్పుడే మీరు చేప కోసం తాడున్న వైపుకే వంగారు. కయాక్‌లో లంగరు ఎప్పుడూ పడవ కొసన ఉండాలి, ముందు కొస గానీ వెనక కొస గానీ. కూర్చున్నచోటి నుంచి కొసకు చెయ్యి అందదు కాబట్టి పడవ పక్క పొడుగునా రెండు చిన్న కప్పీల మీద తిరిగే తాడు బిగిస్తారు, యాంకర్ ట్రాలీ అంటారు. లంగరు తాడును దాని రింగులో దూర్చి, ట్రాలీ తాడు లాగితే రింగు కొసకు వెళ్లిపోతుంది. అవసరమైతే ఒక్క గుంజుతో తాడు వదిలేసేలా ముడి ఉండాలి, కత్తి చేతికి అందేచోట ఉండాలి. మొదటి ఐదారు సార్లు అసలు లంగరు తీసుకెళ్లకండి. చెరువులో నిలబడ్డ చెట్టు కొమ్మకు బిగించే క్లిప్పు ఒకటి, ఆరడుగుల తాడు ఒకటి చాలు. అది కూడా పడవ కొస నుంచే కట్టాలి. పారే నీళ్లలోనైతే పక్కకు కట్టిన లంగరు ఇంకా ప్రమాదం. అల రానక్కర్లేదు, ప్రవాహమే తిరగేస్తుంది.

రెండో కారణం మీ తల. కయాక్ మీద మన బరువు ఎటు పోతుందో చెప్పేది తలకాయే. తల పడవ వెడల్పు లోపల ఉన్నంతసేపు నడుము ఎంత కదిలినా పడవ ఓర్చుకుంటుంది. తల అంచు దాటిందంటే భుజాలు దాటుతాయి, ఆ తర్వాత పడవ చేతిలో ఉండదు. చేపను తీసేటప్పుడు వంగకూడదు, చేపనే దగ్గరికి రప్పించుకోవాలి. రాడ్డున్న చేతిని చేపకు అవతలి వైపు, వెనక్కి చాపండి. దాంతో చేప మీ మోకాలి పక్కకు వస్తుంది, ఆ చెయ్యే ఇటు బరువుకు సరిపాటు కూడా అవుతుంది. రెండో చేత్తో పొట్టి పిడి ఉన్న వల కింద నుంచి పెట్టి ఎత్తండి. చేప ఇంకా గింజుకుంటుంటే తీయకండి, కాసేపు తిరగనివ్వండి. పెద్ద క్యాట్‌ఫిష్ పడవను కూడా కాస్త లాగుతుంది. రాడ్డు కొసను పడవ ముందువైపు ఉంచితే లాగినా పడవ నిలువుగానే పోతుంది, పక్కకు ఒరగదు.

మూడోది చెరువు, రోజు. లూయిస్‌విల్ చాలా పెద్ద చెరువు, శనాదివారాల్లో స్పీడ్‌బోట్లతో నిండిపోతుంది. కొత్తవాళ్లు నేర్చుకోవడానికి ఆ చెరువు నడిమధ్య తగిన చోటు కాదు.

పడవ తిరగబడటం కంటే నన్ను భయపెట్టింది మీరు ఎక్కలేకపోవడం. ఆ రోజు మీ మిత్రుడు పక్కన లేకపోతే ఏమయ్యేదో మీకూ తెలుసు. ఈత వచ్చినవాళ్లు కూడా చాలామంది సొంతంగా కయాక్ ఎక్కలేరు, ఎందుకంటే గోడ ఎక్కినట్టు పైకి పాకబోతారు. అలా లాగితే కాళ్లు పడవ కిందికి పోతాయి, పడవ మీ మీదికే తిరుగుతుంది. పద్ధతి వేరు. పడవ బోర్లా ఉంటే ముందు మధ్యభాగం దగ్గరికి రండి. అడుగు మీదుగా చెయ్యి చాపి అవతలి అంచునో పట్టీనో పట్టుకోండి, మోకాళ్లు ఇవతలి అంచుకు తన్ని వెనక్కి వాలండి, పడవ తిరుగుతుంది. ఇప్పుడు సీటు పక్కనే ఉండి రెండు చేతులూ పడవ మీద ఆనించి, కాళ్లు వెనక నీటిపైకి తేలేదాకా తన్నండి. ఒళ్లు నీళ్ల మీద బల్లపరుపుగా వచ్చాక గట్టిగా తన్నుతూ, పడవను మీ కిందికి తోసుకుంటున్నట్టు లాగండి. బొడ్డు సీటు మీదికి రావాలి. అక్కడ ఒక్క క్షణం ఆగి ఊపిరి తీసుకోండి. తర్వాత వెల్లకిలా తిరిగి పిరుదులు సీట్లో పెట్టండి, కాళ్లు ఆఖర్న లోపలికి. బొడ్డు, పిరుదులు, కాళ్లు, ఈ వరస తప్పకూడదు. లేచి కూర్చోవాలని తొందరపడితే రెండోసారి తిరగబడుతుంది, రెండోసారికి సగం బలమే ఉంటుంది.

దీన్ని జూన్ నుంచి సెప్టెంబరు లోపు, నీళ్లు వెచ్చగా ఉన్నప్పుడు, లైఫ్ జాకెట్ వేసుకుని, నడుములోతు నీళ్లలో మిత్రుణ్ని పక్కన పెట్టుకుని చేయండి. నడుములోతులో ఐదుసార్లు వచ్చాక కాళ్లు అందని లోతులో ఐదుసార్లు. చేతులతో లాగే బలం చాలకపోతే, వెడల్పాటి పట్టీని ఉచ్చుగా కట్టి సీటు దగ్గరి హ్యాండిల్‌కు తగిలించి, నీళ్లలోకి వదిలి, అందులో పాదం పెట్టి ఎక్కొచ్చు. ఎత్తయిన ఫ్రేము సీటున్న పడవైతే ఎక్కడం ఇంకాస్త కష్టం, అందుకే మీరు ఏ పడవ కొనబోతున్నారో దాని మీదే సాధన చెయ్యాలి. డాలస్ మధ్యలోని వైట్ రాక్ లేక్‌లో ఈత నిషేధం కాబట్టి ఈ సాధనకు అక్కడికి వెళ్లకండి. చేపల కోసమైతే మాత్రం మీకు అంతకంటే మంచి చోటు లేదు. 10.5 హార్స్‌పవర్ దాటిన మోటార్లను అక్కడ రానివ్వరు, కాబట్టి మిమ్మల్ని ముంచిన అలలాంటివి ఉండవు.

ఇక సామాను. కొనాల్సిన మొట్టమొదటి వస్తువు పడవ కాదు, లైఫ్ జాకెట్. టెక్సస్ చట్టం ప్రకారం పడవలో ఎందరుంటే అన్ని జాకెట్లు ఉండాలి. పదమూడేళ్ల లోపు పిల్లలు చిన్న పడవ కదులుతున్నంతసేపూ వేసుకునే ఉండాలి. పెద్దవాళ్లు పక్కన పెట్టుకున్నా చట్టం ఒప్పుకుంటుంది, నీళ్లు ఒప్పుకోవు. అమెరికా కోస్ట్ గార్డ్ 2022 లెక్కల్లో పడవ ప్రమాదాల్లో చనిపోయినవాళ్లలో 75 శాతం మంది నీట మునిగి పోయారు, వాళ్లలో 85 శాతం మంది జాకెట్ వేసుకోలేదు. సీటు వెనకున్న జాకెట్‌ను నీళ్లలో తేలుతూ తొడుక్కోవడం దాదాపు అయ్యే పని కాదు.

చేపల వేటకని ప్రత్యేకంగా చేసిన జాకెట్ తీసుకోండి. దానికి వీపు కింది భాగంలో నురుగు ఉండదు, వల గుడ్డే ఉంటుంది, అందుకని ఎత్తు సీటుకు ఆనుకున్నా పైకి తన్నదు. ముందు జేబుల్లో కత్తెర, పట్టుకారు పడతాయి. 80 నుంచి 120 డాలర్లు అవుతుంది. పెద్దవాళ్ల జాకెట్‌కు కనీసం 15.5 పౌండ్ల తేలే శక్తి ఉండాలి, అది లోపలి లేబుల్ మీద రాసి ఉంటుంది. కొట్లోనే వేసుకుని పట్టీలన్నీ బిగించి, చేతులు పైకెత్తి, ఎవరినైనా భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. గడ్డం దాటి ముక్కు దాకా వస్తే అది మీ సైజు కాదు. గ్యాసుతో ఉబ్బే సన్నటి జాకెట్ చూసి మోజు పడకండి. ఇరవై ఏళ్లుగా ఈదనివాళ్లకు అది తగదు. జాకెట్‌కే ఒక విజిల్ కట్టెయ్యండి. శబ్దం చేసే సాధనం పడవలో ఉండాలన్నది కూడా నియమమే. చీకటి పడితే తెల్ల దీపం ఉండాలి.

తెడ్డు గురించి ఎవరూ చెప్పరు, కానీ రోజు చివర భుజాలు నొప్పెట్టేది దానివల్లే. వెడల్పాటి పడవ, ఎత్తయిన సీటు ఉంటే 240 నుంచి 260 సెంటీమీటర్ల తెడ్డు కావాలి. పొట్టిదైతే ప్రతి దెబ్బకూ వేళ్లు పడవ అంచుకు తగులుతాయి, నీళ్లు ఒళ్లోకి కారతాయి. తెడ్డుకు ఒక సాగే తాడు కట్టి పడవకు తగిలించండి. గాలిలో తెడ్డు చేజారితే పడవ మీ మాట వినదు.

ఇప్పుడు పడవ. మీ ముందు నాలుగు దారులున్నాయి.

ఆ 1,400 డాలర్ల పెడల్ కయాక్ చెడ్డదని నేను అనను. కాళ్లతో తొక్కుతుంటే చేతులు గాలానికి ఖాళీగా ఉంటాయి, గాలిలో నిలదొక్కుకుంటుంది, చేపల వేటకు అంతకంటే సుఖమైనది లేదు. కానీ పన్నెండడుగుల పెడల్ పడవ సామానుతో కలిపి 100 పౌండ్లు దాటుతుంది. రెండో అంతస్తు మెట్ల మీద దాన్ని ఒక్కరూ మోయలేరు. చిన్న సెడాన్ పైకప్పు ఎంత బరువు ఓర్చుతుందో కారు మాన్యువల్‌లో రాసి ఉంటుంది, పైకప్పు మీద బిగించే రాక్ బరువు కూడా అందులోనే కలుపుకోవాలి. చాలా కార్లకు 100 నుంచి 165 పౌండ్ల మధ్య ఉంటుంది. అంటే పడవతోపాటు దాన్ని పెట్టుకునే చోటో, ట్రైలరో, పెద్ద బండో కొనాల్సి వస్తుంది. నాచు ఎక్కువున్నచోట, అడుగు అందేచోట పెడల్ కింది రెక్కలు చిక్కుకుంటాయి. కొత్తవాళ్లకు చేపలు ఎక్కువ దొరికేది అలాంటి చోట్లే.

ఇంకా దానిమీదే మనసుంటే అమ్మేవారిని ఒకటే అడగండి: నీళ్ల మీద ఒక గంట వాడి చూడనివ్వమని. ఆ గంటలో తిరగేసి ఎక్కి చూడండి. ఒడ్డుకు తెచ్చాక అడుగు చూడండి. నీళ్లు పోయే రంధ్రాల చుట్టూ, పెడల్ దిగే గొట్టం మూలల్లో, వెనక కొస రాళ్లకు ఒరిసే చోట సన్నటి పగుళ్లుంటాయి. చిన్న మూత తీసి లోపల నీళ్లున్నాయేమో ఊపి చూడండి. వెనక కుడివైపు పన్నెండు అక్షరాల గుర్తింపు సంఖ్య ఉండాలి. అది గీకేసి ఉంటే వదిలెయ్యండి. ఎక్కలేకపోయినా, అమ్మేవారు ఒప్పుకోకపోయినా 150 డాలర్లు పోతే పోనివ్వండి. ఇచ్చేశాం కదా అని మిగతా 1,250 కట్టడం కంటే అది చవక.

రెండో దారి, పది నుంచి పన్నెండడుగుల మామూలు తెడ్డు కయాక్, పైన కూర్చునే రకం. లోపల కూర్చునే రకం వద్దు. అది తిరగబడితే నీళ్లతో నిండిపోతుంది, తోడేదాకా పనికి రాదు. పైన కూర్చునేదానికి రంధ్రాలుంటాయి, నీళ్లు వాటంతటవే పోతాయి. వెడల్పు 32 నుంచి 34 అంగుళాలుంటే కొత్తవాళ్లకు నిలకడ. బరువు 55 నుంచి 70 పౌండ్లు. సెకండ్ హ్యాండ్‌లో 250 నుంచి 400 డాలర్లకు వస్తుంది. మోసే శక్తి 300 పౌండ్లని రాసి ఉంటే 210 దాటకుండా చూసుకోండి, అంటే మీరు, సామాను, మంచినీళ్లు అన్నీ కలిపి. అంతకు మించితే మునగదు గానీ నీళ్లలో కిందికి దిగి బద్ధకంగా కదులుతుంది, చిన్న అలకే ఒరుగుతుంది.

మూడోది గాలి నింపే కయాక్. అపార్ట్‌మెంట్ వాళ్లకు ఇది నిజంగా ఆలోచించదగ్గది, అల్మరాలో పెట్టుకోవచ్చు. గట్టి అడుగున్నది తీసుకోండి, చవకది పిల్లల కొలను బొమ్మ లాంటిది. గాలి తగిలితే ఆకులా కొట్టుకుపోతుంది, అందుకని గాలి లేని పొద్దున్నే వాడాలి. ఇంటికొచ్చాక పూర్తిగా ఆరబెట్టకుండా మడిస్తే బూజు పడుతుంది. గాలానికి చిల్లు పడుతుందేమోనన్న భయం కొంత ఎక్కువే, మందపాటి గుడ్డకు గాలం గీత పడినా చిల్లు పడటం అరుదు. కానీ గాలాలను ఒళ్లో వదిలేసే అలవాటుంటే మానుకోవాలి.

నాలుగోది ఏదీ కొనకుండా ఈ ఎండాకాలమంతా అద్దెకు తీసుకోవడం. ఐదారు సార్లు తీసుకుంటే మీకు ఎంత పొడుగు, ఎలాంటి సీటు సరిపడతాయో మీ ఒళ్లే చెబుతుంది. మీ ఇంటి పరిస్థితిలో నాకు ఎక్కువ నచ్చేది ఇదే. కానీ అద్దె పడవలకు రాడ్డు పెట్టుకునే గొట్టాలుండవు, తెల్లవారుజామున కొట్టు తెరవరు, చేపలు ఎక్కువ పడేది అప్పుడే. ఆ లోటు తెలిసి వెళ్లండి.

గట్టి కయాక్ ఏది కొన్నా కారు మీదికి ఎక్కించే పద్ధతి ఒక్కటే: పైకప్పు మీద నురుగు దిమ్మెలు, పదిహేనడుగుల పట్టీలు రెండు, ముందు వెనక కొసలకు ఒక్కో తాడు. పట్టీలు చేత్తో లాగి బిగించేవి కావాలి. మీట తిప్పి బిగించే రాచెట్ పట్టీలైతే ప్లాస్టిక్ నొక్కుకుపోతుంది. పట్టీకి ఒక మెలిక పెడితే హైవే మీద హోరు ఉండదు. పార్కింగులో ఎండలో గంటలకొద్దీ బిగించి వదిలేస్తే అడుగు సొట్టపడుతుంది. టెక్సస్ ఆగస్టులో అది మధ్యాహ్నం లోపే జరిగిపోతుంది.

గాలం సామాను విషయంలో మీ కోనసీమ చెయ్యి మర్చిపోలేదని మూడు చేపలు చెప్పాయి, కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఆరున్నర నుంచి ఏడడుగుల మీడియం స్పిన్నింగ్ రాడ్డు, 2500 సైజు రీలు, పది పౌండ్ల మోనో (ఒంటిపోగు నైలాన్) దారం, అరవై డాలర్ల లోపు. ఏడడుగులు ఎందుకంటే చేప పడవ కిందుగా అటు దాటితే రాడ్డు కొసను ముందు కొస చుట్టూ తిప్పాలి, పొట్టి రాడ్డు అందదు. రాడ్డుకూ పట్టుకారుకూ తలొక తాడు. సీటు వెనక పదమూడంగుళాల పాల క్రేటు పెట్టి, సాగే తాళ్లతో బిగించి అందులో ఎరల పెట్టె ఒక్కటి. అయిదు పెట్టెలు తీసుకెళ్లినవాళ్లు రెండు ఎరలే వాడతారు. ఫోను నీరు చొరని సంచిలో వేసి జాకెట్‌కే కట్టండి, పడవకు కాదు. మీరూ పడవా విడిపోయినప్పుడు మీతో ఉండాల్సింది అదే.

మొదట 8 నంబరు చిన్న గాలం, బెండు, ఎర్ర, అచ్చం మన కాలవ పద్ధతి. బ్లూగిల్ చేపలు గంటకు పదైనా తగులుతాయి, పడవ మీద ఒంటిని అదుపులో పెట్టుకోవడం వాటితో నేర్చుకోవచ్చు. తర్వాత బాస్ అనే చేప కోసం ప్లాస్టిక్ పురుగు, 3/0 సైజు పెద్ద గాలం, తూటా ఆకారంలో ఉండే పావు ఔన్సు సీసం. గాలం మొనను పురుగులోనే దాచేస్తే మునిగిన కొమ్మలకు తగులుకోదు. క్యాట్‌ఫిష్ మన జెల్ల లాంటిదే, వీపు మీదా మొప్పల వెనకా ముళ్లుంటాయి. పడవలో మోకాళ్ల మధ్య గింజుకుంటే తొడకు గుచ్చుకుంటుంది. మొదట్లో దారం కోసి వదిలెయ్యడానికి వెనకాడొద్దు.

పదిహేడేళ్లు నిండినవాళ్లకు చేపలు పట్టడానికి లైసెన్సు కావాలి. ఆరు నెలలకు పైగా టెక్సస్‌లో ఉంటే మంచినీటి ప్యాకేజీ 30 డాలర్లు, ఆగస్టు 31తో గడువు అయిపోతుంది, కాబట్టి జులైలో కొంటే రెండు నెలలే పనికొస్తుంది. రాష్ట్రమంతటా ఉన్న సాధారణ నియమం ప్రకారం లార్జ్‌మౌత్ బాస్ 14 అంగుళాలు ఉంటేనే ఉంచుకోవాలి, రోజుకు ఐదు. కొన్ని చెరువులకు వేరే లెక్కలున్నాయి, రేవు దగ్గరి బోర్డు చదవండి. ఇంటికెళ్లే ముందు పడవలోని నీళ్లు పూర్తిగా వంచెయ్యడం చట్టం. 2009లో టెక్సోమా చెరువులో కనిపించిన జీబ్రా మసెల్ అనే చిన్న గవ్వ, పడవల్లో మిగిలిన నీళ్లతో కూడా చెరువు నుంచి చెరువుకు పాకుతుంది. పడవకు కరెంటు మోటారు తగిలించారంటే రిజిస్ట్రేషన్ కూడా కావాలి. తెడ్డుతో నడిపేదానికి అక్కర్లేదు.

గాలి సంగతి మాత్రం వదలకండి. ఉత్తర టెక్సస్‌లో చాలా రోజులు పొద్దెక్కేసరికి దక్షిణపు గాలి లేస్తుంది. వాతావరణ సూచనలో గాలి గంటకు పది మైళ్లు దాటుతుందని ఉంటే ఆ రోజుకు ఒడ్డు నుంచే గాలం వెయ్యండి. వెళ్లేటప్పుడు గాలికి ఎదురు తొక్కండి, అలిసిపోయాక వచ్చేటప్పుడు గాలే తోస్తుంది. దీన్ని తిరగేసినవాళ్లే అవతలి గట్టున చిక్కుకుపోతారు. ఉరుము వినపడితే ఒడ్డుకు రావాలి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా దిగకూడదు. జనవరిలో ఆ చెరువులు 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరికి దిగుతాయి. అలాంటి నీళ్లలో పడితే మొదటి నిమిషం ఊపిరి అదుపులో ఉండదు, పది నిమిషాల్లో చేతులు పని చెయ్యవు. మీరు సెప్టెంబరులో నేర్చుకున్న పడవ ఎక్కే పద్ధతి జనవరిలో పనికి రాదు. ఈ మొదటి ఏడాది నవంబరు నుంచి మార్చి దాకా గట్టు మీదే ఉండండి.

బాబు సంగతి. ఈ ఏడాది అతన్ని పడవ ఎక్కించొద్దన్నది నా అభిప్రాయం. నిర్ణయం మీ ఇద్దరిదీ. చట్టం అడ్డం చెప్పదు, జాకెట్ ఉంటే చాలంటుంది. కానీ పిల్లవాడు పడితే మీరు వంగుతారు. ఏ తండ్రయినా వంగుతాడు. అప్పుడు నీళ్లలో ఇద్దరుంటారు, ఎక్కడం సరిగా రానిది ఒకరికి కాదు, ఇద్దరికీ. గాలం విసిరేటప్పుడు వెనకున్నవాళ్ల కళ్లకు తగిలే ప్రమాదం కూడా చిన్న పడవలోనే ఎక్కువ. అతను కోరుకుంటున్నది నాన్నతో చేపలు పట్టడం అయితే రేవు వంతెన మీద నుంచి బ్లూగిల్ పట్టించండి. టెక్సస్ స్టేట్ పార్కుల్లో గట్టు నుంచి వేస్తే లైసెన్సు కూడా అక్కర్లేదు. కాళ్లు అందని లోతులో మీరు పదిసార్లు ఎక్కాక, అతనికి ఈత క్లాసులు అయ్యాక, గాలాలు లేకుండా ఇద్దరి కయాక్ అద్దెకు తీసుకుని గట్టు వెంబడే ఒక చుట్టు తిప్పండి. అతని జాకెట్ బరువును బట్టి కొనాలి, తొమ్మిదేళ్లవాళ్లకు చాలావరకు 50 నుంచి 90 పౌండ్ల సైజు. "పెరుగుతాడు కదా" అని పెద్దది కొనకండి, నీళ్లలో అది తల మీదుగా ఊడొస్తుంది.

చివరికి మీ ఇంటి విషయం. "ఒప్పించాలి" అన్నారు. ఆవిడ భయం వట్టి భయం కాదు. ఆవిడకు తెలిసిన కుర్రవాడు నీళ్లలోకి వెళ్లి రాలేదు. మీరు నీళ్లలో పడి వచ్చి, ఫోను జారిందన్నారు. పడవ మాట ముందు ఎత్తి, ఆవిడ ఒప్పుకున్నాక ఏప్రిల్ సంగతి బయటపడితే, ఆ ఒప్పుకోలు ఇక ఉండదు. మీ మిత్రుడికి ఆ సంగతి తెలుసు, ఏదో విందులో నవ్వుతూ అనేస్తారు. పడవ కొన్నాక చెబితే డబ్బు కూడా దాచినట్టవుతుంది. ఏప్రిల్‌లో జరిగింది ముందు, అడ్వాన్సు సంగతి దాని వెంటనే, పడవ కొనే ఆలోచన ఆఖర్న, ఈ వరసలో చెబితే ఆ రాత్రి గొడవ కావచ్చు. ఆవిడ కొన్నాళ్లు ఆ మాటే ఎత్తొద్దనవచ్చు, అంటే ఈ ఎండాకాలం గట్టు మీదే గడవొచ్చు. అయినా చెప్పే పద్ధతి అదొక్కటే అనిపిస్తుంది నాకు.

చెప్పేటప్పుడు "ఇక జాగ్రత్తగా ఉంటా" అనకండి. ఆ మాట ఆవిడ విన్నదే అయి ఉంటుంది, మరొకరి నోట. లంగరు ఎక్కడ కట్టారో, ఎందుకు తప్పో, జాకెట్ ఎక్కడుందో, ఇప్పుడు ఏం మారుతుందో చెప్పండి. ఎక్కడం సాధన చేసే రోజు ఆవిడను గట్టుకు రమ్మని బలవంతం చెయ్యకండి. భర్త కావాలని నీళ్లలో పడటం చూడటం ఆవిడకు ధైర్యం ఇవ్వకపోవచ్చు, పాత గాయాన్నే రేపొచ్చు. వస్తావా, వీడియో చూస్తావా, రెండూ వద్దా అని అడగండి. ఎక్కడికెళ్లొచ్చు, ఎంత గాలి ఉంటే ఆగిపోవాలి, ఎవరు తోడుండాలి అనే షరతులు ఆవిడనే పెట్టమనండి, వాటిని తగ్గించమని బేరం ఆడకండి.

వెళ్లే ప్రతిసారీ ఒక కాగితం ఫ్రిజ్ మీద ఉంచండి: ఏ చెరువు, ఏ రేవు, కారు నంబరు, పడవ రంగు, జాకెట్ రంగు, తోడొచ్చినవాళ్ల ఫోను నంబరు, నీళ్ల మీది నుంచి దిగే టైము. దిగగానే, సామాను సర్దకముందే ఇంటికి ఫోను చెయ్యండి. అనుకున్న టైముకు గంట దాటినా మీ నుంచి ఫోను రాకపోతే, మీకూ మీ తోడుకూ ఒక్కోసారి చేసి చూసి, ఇద్దరూ ఎత్తకపోతే ఆగకుండా 911కు చెయ్యమనండి. ఆ కాగితం మీద ఉన్నదంతా వాళ్లు అడిగేదే.